అమ్ముకున్న ఊరు

మా ఊరి పేరు రాయను. రాస్తే చదివినవాళ్ళలో సగం మంది "అక్కడ ఇప్పుడు గజం ఎంత నడుస్తోందండీ" అని అడుగుతారు. మిగతా సగం మంది మా చుట్టాలే. వాళ్ళు అడగరు, అలుగుతారు. గండిపేట చెరువు కట్టకు దిగువన, మూసీకి ఉత్తరం పక్కన, కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడలకు ఇరుగుపొరుగు ఊరు అనుకోండి చాలు.

ఊరు పోయిందని రాసినవి చాలా చదివాను. శ్రీశైలం నీళ్ళ కింద పోయిన ఊళ్ళు, మల్లన్నసాగర్ కింద పోయిన వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పోలవరం కింద పోతున్న ఊళ్ళు. వాళ్ళకు తిట్టుకోవడానికి ఒక సర్కారు ఉంది, చూపించడానికి ఒక జీవో ఉంది, ఇల్లు ఖాళీ చేయించిన రోజు ఫలానా అని చెప్పుకోవడానికి ఒక తేదీ ఉంది. మాకు అవేవీ లేవు. మా ఊరిని ఎవరూ ముంచలేదు. మేమే అమ్ముకున్నాం. బేరమాడి, బయానా తీసుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసులో వేలిముద్రలు వేసి, వచ్చేటప్పుడు మెహదీపట్నంలో బిర్యానీ తిని మరీ అమ్ముకున్నాం. అందుకే మావాళ్ళెవరైనా పాత ఊరు తలుచుకుని బాధపడితే "పైసలు తీసుకునేటప్పుడు యాడికి పోయింది ఈ ఏడుపు" అని పక్కవాళ్ళు నోరు మూయిస్తారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కానీ అందులో మొత్తం కథ లేదు.

నేను 1962లో పుట్టాను. ఆకుకూరలు పండించే ఇంట్లో పెద్దకూతుర్ని. తర్వాత ఒక చెల్లెలు, ఒక తమ్ముడు. సర్కారు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు అత్తాపూర్‌లో ఉంటున్నాను. అంటే ఊరికి బండి మీద అరగంట దూరం, ట్రాఫిక్ లేకపోతే. ట్రాఫిక్ లేని రోజు ఉండదు కాబట్టి ఆ లెక్క వదిలేయండి.

మా నెత్తిమీదే అంత పెద్ద గండిపేట చెరువు. 1908లో మూసీ పొంగి పట్నాన్ని ముంచేశాక, మళ్ళీ అలాంటిది రాకుండా ఆ నది మీద కట్టిన చెరువు. 1920లో పూర్తయింది. ఆ నీళ్ళు కాలువలో ఆసిఫ్‌నగర్ దాకా పోయి, అక్కడ శుద్ధి అయ్యి, పట్నం నల్లాల్లోకి వెళ్ళేవి. కట్ట కిందే ఉన్న మాకు చుక్క రాదు. "చెరువు వాళ్ళది, కుంట మనది" అనేది మా నాయనమ్మ.

ఆ కుంట పెద్దదేం కాదు. పడమటి గుట్టల మీద పడ్డ వాన బండల మీంచి జారి, సన్నటి వాగులో కలిసి కుంటలోకి వచ్చేది. కట్టకు కింద వరి మళ్ళు. తూము తెరవడం, మూయడం, ఎవరి మడికి ఎప్పుడు నీళ్ళు వదలాలో చూడడం నీరడి పని. ఆయన పార భుజాన వేసుకుని కట్ట మీద నడుస్తుంటే పటేలు కూడా గొంతు తగ్గించి మాట్లాడేవాడు. ఎందుకంటే పటేలు మడి అన్నిటికంటే చివర ఉంది, నీళ్ళు అక్కడిదాకా పారాలంటే నీరడి మనసు మంచిగుండాలి. కుంట నిండి అలుగు పారిన ఏడాది కట్ట మైసమ్మకు యాటను కోసేవాళ్ళు. మైసమ్మకు గుడి గోపురం ఏమీ లేదు. చింతచెట్టు మొదట్లో పసుపు కుంకుమ పూసిన రాయి, అంతే.

కుంట కింద భూమి ఉన్నవాళ్ళు వరి వేసేవాళ్ళు. మాది పైన, ఎర్ర చెల్క. బావి మీద బతుకు. నాకు తెలివి వచ్చేసరికి మోట ఇంకా నడుస్తోంది. ఎడ్లు వెనక్కి నడిస్తే తోలు బొక్కెన బావిలోకి దిగేది, ముందుకు నడిస్తే నీళ్ళతో పైకొచ్చి కాలువలో కుమ్మరించేది. నాయన తాడు మీద కూర్చుని ఎడ్లను తోలుతూ పాడేవాడు. ఏం పాడేవాడో ఒక్క ముక్క కూడా గుర్తులేదు. ఆ రాగం గుర్తుందని చెప్పి మిమ్మల్ని మెప్పించగలను కానీ, అదీ గుర్తులేదు. తర్వాత కరెంటు మోటారు వచ్చింది, ఆ తర్వాత బోరు.

పాలకూర, కొత్తిమీర, మెంతికూర, పుదీనా. పొద్దు వాలాక కోత. ఎండలో కోస్తే వాడిపోతుంది. కోసింది కోసినట్టు మా అక్కాచెల్లెళ్ళ ముందు కుప్ప పోసేవాళ్ళు. ఈతాకు చీలికలతో కట్టలు కట్టడం మా పని. కట్ట మరీ లావుగా కడితే అమ్మ తిట్టేది, మరీ సన్నగా కడితే నాయన తిట్టేవాడు. బజారులో ఆయన ముఖం చూపించాలి కదా. కట్టలను బావి దగ్గరి తొట్టిలో ముంచి, మట్టి కడిగి, బండిలో పేర్చి, పైన తడిపిన గోనెసంచులు కప్పేవాళ్ళు. అర్ధరాత్రి దాటాక బండి కదిలేది. తెల్లవారకముందే పట్నం చేరాలి. ఎడ్లకు దారి తెలుసు కాబట్టి నాయన బండిలోనే నిద్రపోయేవాడు. నార్సింగి దాటి లంగర్‌హౌజ్ దగ్గరికి వచ్చాక లేచి కూర్చునేవాడట. తెల్లారి నేను బడికి పోతే చేతుల నిండా పుదీనా వాసన. ఎంత కడిగినా పోదు. నా పక్కన కూర్చునే పిల్ల వాళ్ళది కల్లు కాంపౌండు, ఆమెకు ఆ వాసన. మేమిద్దరం ఒకరినొకరం ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

ఇక గుట్టలు. ఇవాళ ఇక్కడి బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళని, ఇవి వారసత్వ సంపద అని కాపాడటానికి పోరాడేవాళ్ళు ఉన్నారు. మాకు అప్పుడు వాటి వయసు తెలియదు, వాటి అవసరాలు తెలుసు. ఒక బండ మీద ధాన్యం ఆరబోసేవాళ్ళు. ఒక బండ మీద మిరపకాయలు. ఒకదాని కింద వాన నిలవదు కాబట్టి మేకల కాపరులది. ఒక దాని చాటు, చెప్పకూడదు కానీ, తెల్లవారుజామున ఆడవాళ్ళది. దసరా ముందు సీతాఫలాల కోసం పిల్లలంతా గుట్ట మీదే. కళ్ళు విచ్చుకున్న కాయలు తెచ్చి వడ్లలో మాగబెట్టేవాళ్ళం.

గుట్ట మీద వడ్డెర వాళ్ళ సుత్తి చప్పుడు పొద్దంతా వినబడేది. బండలో వరసగా చిన్న గుంటలు తొలిచి, ఇనప మేకులు దిగ్గొట్టి, సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోతే కాసేపటికి బండ తనంతట తాను నిలువునా విడిపోయేది. ఊళ్ళో ప్రతి ఇంటి కడప రాయీ, ఊరి నడుమ పాతిన బొడ్రాయి చుట్టూ ఉన్న గద్దె రాళ్ళూ వాళ్ళు కొట్టినవే. రోజుకు ఎన్ని రాళ్ళు కొట్టగలరో అంతే గుట్ట తరిగేది. అంటే తరిగేదే కాదు. తర్వాత మందుపాతర్లు వచ్చాయి. మూడు అంతస్తుల సెల్లార్ కోసం బండను పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది, తర్వాత భూమి కదులుతుంది, ఆ తర్వాత మా తమ్ముడి ఇంట్లో గోడకు కొత్త పర్రె ఎక్కడ పడిందా అని మరదలు వెతుకుతుంది.

పీర్ల పండగ గురించి కూడా రాయాలి, చాలామందికి నమ్మకం కలగదు కానీ. మా ఊళ్ళో ముస్లిం ఇళ్ళు కొన్నే. పీర్లను ఎత్తుకునేవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ. అలావా నిప్పుల గుండం చుట్టూ తిరిగి ఆడేవాళ్ళు, మొక్కుకునేవాళ్ళు, కుడుకలు, బెల్లం పంచేవాళ్ళు. మా తమ్ముడు పుట్టింది పీర్ల మొక్కు మీదే. పీర్ల కొట్టం జాగా ఇప్పటికీ ఉంది. షట్టర్లు వేసి ఒకటి జిరాక్స్ షాపుకి, ఒకటి మొబైల్ రిపేరుకి ఇచ్చారు. వెనక చిన్న గదిలో పీర్లు ఉంటాయి.

అమ్మకం ఎలా మొదలైందో చెబుతాను.

ముందు వచ్చినవాళ్ళు ఫామ్‌హౌస్ వాళ్ళు. ఆదివారం కార్లలో వచ్చి, మా చెల్కల్లో నిలబడి గాలి పీల్చుకుని వెళ్ళేవాళ్ళు. గాలి కోసం కొంటారని నాయన నమ్మలేదు. 1996లో తమ్ముడి పెళ్ళి అప్పులు తీర్చడానికి, బోరు ఎండిపోయిన ఒక ఎకరం రెండు లక్షలకు అమ్మాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ బాధపడలేదు. పనికిరాని చెల్కకు రెండు లక్షలు ఇచ్చిన అమాయకుడి గురించి నవ్వుకున్నాం. అదే ఏడాది చెరువు నీళ్ళు పాడవకుండా గండిపేట, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ 84 ఊళ్ళలో కట్టడాలకు హద్దులు పెడుతూ జీవో 111 వచ్చింది. దాంతో ఆ ఊళ్ళవాళ్ళు తమ భూమికి రేటు రాదని మొత్తుకున్నారు. మా ఊరు ఆ హద్దుకు అవతల పడింది. అదృష్టమంటే మాదే అనుకున్నారు అందరూ.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. పేపర్లో ఆ గుండ్రటి బిల్డింగు ఫొటో చూసి నాయన "గీ బండల్ల గిదేం కట్టడంరా" అన్నాడు. అంతే, ఇక నాలుగైదేళ్ళలో మా ఊళ్ళో మాటల లెక్కే మారిపోయింది. అంతకుముందు భూమి గురించి మాట్లాడితే ఎకరం అనేవాళ్ళం. అది గుంటకు దిగింది. గుంటలోంచి గజానికి దిగింది. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు 121 గజాలు, ఎకరానికి 4,840 గజాలు. పదమూడో ఎక్కం రాని పిల్లలు ఈ లెక్క గడగడా చెప్పేవాళ్ళు. నాయనకు మాత్రం గజం ఎక్కలేదు. "గజం జాగల ఏం పండుతది? ఒక కొత్తిమీర కట్ట" అనేవాడు.

అన్నీ మేమే అమ్మాం అంటే కూడా తప్పవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు మాత్రం అడిగి రాలేదు. బండల మీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టి వెళ్ళారు. 158 కిలోమీటర్ల ఆ రోడ్డులో ముందు తెరిచింది గచ్చిబౌలి నుంచి శంషాబాద్ ముక్కే, 2008లో. దాని తర్వాత భూమి ఉన్న ప్రతివాడి గుమ్మం ముందూ బ్రోకరే. మా ఊళ్ళో బ్రోకర్లంటే బయటివాళ్ళు కారు. నిన్నటిదాకా మనతో నాట్లు వేసిన కాక కొడుకే తెల్ల చొక్కా, రెండు ఫోన్లు పెట్టుకుని వచ్చేవాడు.

ఇక్కడ ఆడపిల్లల సంగతి చెప్పాలి. దీని గురించి ఊరు పోయిందని రాసే మగవాళ్ళు ఎందుకో రాయరు.

మా రాష్ట్రంలో ఎన్టీఆర్ కాలంలోనే ఆడపిల్లలకు పిత్రార్జితంలో హక్కు వచ్చింది. కానీ 1985 సెప్టెంబరుకు ముందే పెళ్ళయినవాళ్ళకు కాదు. నాకు 1984లో పెళ్ళయింది. చెల్లెలికి 1988లో. అంటే ఒకే కడుపున పుట్టిన మా ఇద్దరిలో ఆమెకు హక్కుంది, నాకు లేదు. 2005లో ఢిల్లీలో చట్టం మార్చాక నాకూ వచ్చింది. ఇవన్నీ మాకు చెప్పింది వకీలు కాదు, బ్రోకరు. ఆడబిడ్డల సంతకం లేని భూమిని కంపెనీలు కొనవు కాబట్టి, మా హక్కుల గురించి మాకంటే అతనికే ఎక్కువ బెంగ.

అప్పటిదాకా బోనాలకు ఒక చీర, ఒడిబియ్యం పెట్టి పంపే పుట్టింటివాళ్ళు, ఆ ఏడాది ఫోన్ చేసి మరీ పిలిచారు. నేను సంతకం పెట్టాను. పసుపు కుంకుమ కింద కొంత ఇచ్చారు. దానితోనే అత్తాపూర్ ఫ్లాట్ అప్పు తీరింది. చెల్లెలు పెట్టలేదు. "పసుపు కుంకుమ నా మొగుడు తెస్తడు, నాకు నా వాటా కావాలె" అంది. ఊరంతా ఆమెను ఆశపోతు అన్నారు. అమ్మ కూడా అంది. రెండేళ్ళు పండగలకు పిలుపులు లేవు. చివరికి వాటా ఇచ్చారు, ఇవ్వక తప్పలేదు. తమ్ముళ్ళందరూ మంచివాళ్ళే, కంపెనీ వాడి డెడ్‌లైన్ కూడా మంచిదే. ఇప్పుడు ఆలోచిస్తే మా ఇంట్లో ఆ భూమికి నిజమైన విలువ కట్టింది చెల్లెలొక్కతే అనిపిస్తుంది.

ఇక సంతకాలే అవసరం పడనివాళ్ళు ఉన్నారు. దప్పు కొట్టేవాళ్ళకు, ఊరి పనులు చేసే సుంకరి కుటుంబాలకు గుట్ట పక్కన సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములు ఉండేవి. 1977 చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, కొనకూడదు. అయినా తెల్ల కాగితం మీద చేతులు మారాయి. చట్టం లేని బేరానికి రేటు కూడా ఉండదు. పట్టా భూమి కోట్లు పలికిన చోట, పక్కనే ఉన్న ఆ చెల్కలు ఒక మోటారు సైకిల్‌కు, ఒక ఆపరేషన్ ఖర్చుకు పోయాయి. ఊరు బాగుపడిందని ఎవరన్నా అంటే నాకు ఆ తెల్ల కాగితాలే కళ్ళలో మెదులుతాయి.

ఆ ఇళ్ళల్లోంచే ఒకామె, నాకు వరసకు వదినవుతుంది, మా పాలకూర మళ్ళలో కలుపు తీసేది. ఇప్పుడు సాయంత్రం ఐదింటికి ఆఫీసులు వదిలే రోడ్డు పక్కన గ్యాస్ పొయ్యి పెట్టి జొన్న రొట్టెలు చేస్తుంది. షుగర్ ఉన్న సాఫ్ట్‌వేర్ పిల్లలు లైన్లో నిలబడతారు. కోట్లు చూసిన ఇళ్ళలో కొందరి కొడుకులు కార్లు కొని, తాగి, కార్లు అమ్మి, మళ్ళీ తాగుతున్నారు. ఈమె మాత్రం ఇద్దరు కూతుళ్ళను నర్సింగ్ చదివించింది. ఊళ్ళో అందరికంటే ధీమాగా మాట్లాడేది ఈమే. పాత రోజుల గురించి ఎత్తితే "ఏం రోజులు లేవదినె, నడుము విరిగే రోజులు" అని కొట్టిపారేస్తుంది. నేను ఆ మాటకు ఎదురు చెప్పలేను. గట్టు మీద కూర్చుని కట్టలు కట్టిన పిల్లకు, మడిలో వంగి కలుపు తీసినామెకు ఒకే పొలం గుర్తుండదు.

నాయన సంగతి. అమ్మిన డబ్బులో కొంత పెట్టి చేవెళ్ళ అవతల భూమి కొన్నాడు. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ పది వచ్చాయి. కాగితం మీద చూస్తే లాభమే. కానీ అది నల్లరేగడి. ఎర్ర చెల్కలో, బావి నీళ్ళతో, ఇరవై రోజులకు చేతికొచ్చే ఆకుకూరలు పండించిన మనిషికి, వానకోసం ఎదురుచూసి ఆరు నెలలకు పత్తి తీయడం ఏం అలవాటవుతుంది? రేగడి వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండ కాస్తే నోళ్ళు తెరుస్తుంది. "ఈ మన్ను నా మాట వింటలేదు" అనేవాడు. అక్కడ ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవలేదు, "హైదరాబాద్ సేటు" అన్నారు. జీవితమంతా పట్నం వాళ్ళకు ఆకుకూరలు మోసిన మనిషి పోయేముందు పట్నం సేటు అయ్యాడు. 2012లో పోయాడు.

ఆయన ఉండుంటే 2023 ఆగస్టు వేలం గురించి ఏమనేవాడో. కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. టీవీలో చూస్తూ పెన్ను తీసుకుని 4,840తో భాగించాను, టీచరు బుద్ధి పోదు. గజం రెండు లక్షల ఎనిమిది వేలు. 1996లో మా ఎకరానికి వచ్చినదానికి కాస్త కలిపితే ఆ వేలంలో ఒక గజం. ఒక కొత్తిమీర కట్ట.

కుంట ఎలా పోయిందో కూడా చెప్పాలి, ఎందుకంటే కుంటను ఎవరూ పూడ్చలేదు. జనం అనుకున్నట్టు లారీల మట్టి పోస్తేనే కుంట చావదు. ముందు పైన ఒక అప్రోచ్ రోడ్డు పడింది. దాని కట్టకు అడ్డంగా వాగుకు ఒక పైపు పెట్టారు, అది చెత్తతో మూసుకుపోయింది. ఆ పైన వెంచరు వాళ్ళు గుట్ట వాలును చదును చేశారు. వాన నీళ్ళు కుంటకు రావడం మానేసి రోడ్డు వెంట పోవడం మొదలుపెట్టాయి. కుంట వరసగా ఎండింది. ఎండిన కుంటలో పిల్లలు క్రికెట్ ఆడారు. క్రికెట్ ఆడే చోటు కుంట ఎలా అవుతుంది అన్నారు. షికం భూమికి, అంటే కుంట అడుగు నేలకు, ఎప్పుడు కాగితాలు పుట్టాయో నాకు తెలియదు కానీ, ఒక రోజు చూస్తే రేకుల ప్రహరీ, దానిమీద స్విమ్మింగ్ పూల్ బొమ్మ.

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వాన గుర్తుందా? ఆ రాత్రి నీళ్ళు రోడ్లనీ పైపులనీ లెక్కచేయకుండా పాత దారే పట్టాయి. కుంటలో లేచిన అపార్ట్‌మెంటు సెల్లార్‌లో కార్లు పైకప్పుదాకా మునిగాయి. మా తమ్ముడు తెల్లారి ఫోన్ చేసి "అక్కా, కుంట నిండింది" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత తమ్ముడి అల్లుడి కారు కూడా ఆ సెల్లార్‌లోనే ఉందని తెలిసింది, నవ్వు ఆపేశాం. కట్ట మైసమ్మ మాత్రం అక్కడే ఉంది. కట్ట లేదు, చింతచెట్టు లేదు. గుడి కట్టారు, టైల్స్ వేశారు, గ్రిల్ పెట్టి తాళం వేశారు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ పేరులో కట్ట ఎందుకుందో అడగరు. 2024లో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా వచ్చాక అందరి నోటా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అని చెరువు హద్దుల మాటలే. మా నీరడి ఉంటే కాలి బొటనవేలితో గీసి చూపించేవాడు, నీళ్ళు ఎందాకా వస్తాయో.

కరోనా తగ్గాక ఊళ్ళో బొడ్రాయిని మళ్ళీ ప్రతిష్ఠించారు. ఎందుకంటే సీసీ రోడ్డు మీద సీసీ రోడ్డు వేసీ వేసీ, బొడ్రాయి తల మాత్రమే కనిపించేది. పాత ఇళ్ళకు కూడా ఒకప్పుడు మెట్లెక్కి పోయేవాళ్ళం, ఇప్పుడు దిగి పోతున్నాం. ఇంటికింత అని చందాలు వేశారు. బొడ్రాయి పండగంటే ఊరి ఆడబిడ్డలందర్నీ పిలవాలి. పిలిచారు. పండగ మూడు రోజులు నేను, చెల్లెలు తమ్ముడింట్లోనే ఉన్నాం. నాతో ఐదో తరగతి చదివినవాళ్ళు, పెళ్ళయ్యాక ముఖం చూడనివాళ్ళు, బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి బొడ్రాయి మీద పోశారు. పుదీనా వాసన పట్టించుకోని ఆ కల్లు కాంపౌండు పిల్ల కూడా వచ్చింది. నానమ్మ అయింది. అన్ని బిందెల నీళ్ళు పోశాక పక్క హాస్టల్ కుర్రాడొకడు వచ్చి "ఆంటీ, ట్యాంకర్ వాటర్ అండీ, వేస్ట్ చేయకండి" అన్నాడు. పాపం, వాడి బాధ వాడిది.

అసలు చిక్కు పొలి దగ్గర వచ్చింది. పండగలో ఒక రాత్రి ఊరి పొలిమేర చుట్టూ పొలి, అంటే బలి అన్నం, చల్లాలి. ఆ సమయంలో ఊళ్ళోవాళ్ళు బయటికి పోకూడదు, బయటివాళ్ళు లోపలికి రాకూడదు. కట్టుబాటు అంటే కట్టుబాటే. ఇప్పుడు పొలిమేర ఎక్కడ? పెద్దమనుషులు పాత నక్ష ముందు పెట్టుకుని, పిల్లలు ఫోన్లలో మ్యాపు తెరిచి, పంచాయతీ పెట్టారు. ఊళ్ళోకి వచ్చే రోడ్లు ఆరు, అందులో ఒకదాని మీద రాత్రంతా క్యాబులే. పండగని చెప్పి క్యాబు ఆపితే డ్రైవరుకు రేటింగ్ పోతుంది. చివరికి రోడ్డు మూయకుండా, నాలుగు దిక్కులా నిమ్మకాయలు కోసి, దేవుడికి అర్థమవుతుందని సర్దుకున్నారు.

తర్వాత సంగతి మా మేనల్లుడు చెప్పాడు. ఆ రాత్రి మగవాళ్ళంతా పొలి గంప ఎత్తుకుని, దప్పులతో, కేకలతో పొలిమేర పట్టుకుని పోతుంటే ఒక గేటెడ్ కమ్యూనిటీ అడ్డం వచ్చింది. నక్ష ప్రకారం మూడు ఊళ్ళ హద్దు రాయి దాని లోపలే ఉంది. సెక్యూరిటీ అతను ఒడిశా పిల్లవాడు, భయపడిపోయి "కౌన్ సా ఫ్లాట్" అని అడిగాడట. ఎవరో "అరే, ఊరు మొత్తం మాదే" అన్నారట. "ఫ్లాట్ నంబర్ బోలియే, యాప్ మే అప్రూవల్ ఆయేగా" అన్నాడట. గంప ఎత్తుకున్నాయన దాన్ని కింద పెట్టకూడదు, చేతులు వణుకుతున్నాయి. అప్పుడు మా మేనల్లుడికి ఆ కమ్యూనిటీలో తన ఆఫీసు ఫ్రెండ్ ఒకడు ఉన్నాడని గుర్తొచ్చింది. ఆ గుజరాతీ అబ్బాయిని నిద్రలేపి విషయం చెబితే, సగం అర్థమై, అప్రూవల్ నొక్కాడు. విజిటర్స్, ఇద్దరు. ఇద్దరికి మించి ఒప్పుకోలేదు. ఇద్దరు మనుషులు, ఒక గంప, చప్పుడు చేయకుండా లోపలికి పోయి, క్లబ్‌హౌస్ వెనక లాన్‌లో తెల్లరంగు వేసిన హద్దు రాయి చుట్టూ పొలి చల్లి వచ్చారు. కేకలు వేయలేదు, పిల్లలు పడుకునుంటారని.

"తెల్లారి వాళ్ళ గ్రూపులో కంప్లైంట్ కూడా వచ్చిందత్తా, లాన్‌లో ఎవరో అన్నం పారేశారని" అని చెప్పాడు వాడు. చెల్లెలు పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ నవ్వలేదు. పొలి సరిగ్గా పడిందా లేదా అనేదే ఆమె టెన్షన్.

ఇప్పుడు మిగిలింది గ్రామకంఠం ఒక్కటే, అంటే పాత ఇళ్ళ జాగా. మా తమ్ముడిది అందులో ఐదంతస్తులు, అన్నీ బ్యాచిలర్ రూములు. పక్కనే నాయన కట్టిన పాత పెంకుటిల్లు. అందులో ఇంకా అమ్మ ఉంటుంది, ఎనభై మూడేళ్ళు. ఈ సంక్రాంతికి పోతే తమ్ముడు చాయ్ తాగి, గొంతు సవరించుకుని, ఒక బిల్డరు వచ్చాడని చెప్పాడు. బొడ్రాయి బజారులో పన్నెండు ఇళ్ళు కలిపి ఇస్తే డెవలప్‌మెంట్‌కు తీసుకుంటాడట. బొడ్రాయిని కదిలించడట, దాని చుట్టూ పార్కు కడతాడట. అందుకు అందరి సంతకాలు కావాలి.

నేను వద్దనలేదు. అమ్మకు ఆ ఇంట్లో మెట్లు దిగడమే కష్టంగా ఉంది. మేం అమ్ముకునే మనుషులమే, ఇప్పుడు కొత్తగా బొడ్రాయి ముందు నిలబడి ఊరు ఊరని అంటే నాకే నవ్వొస్తుంది. రెండు మాటలు మాత్రం చెప్పాను. అమ్మ ఉన్నన్నాళ్ళు ఆ ఇల్లు ముట్టుకోవద్దు. ఆ తర్వాత నా సంతకానికి పసుపు కుంకుమ వద్దు, వాటా మాట్లాడుకుందాం, చెల్లెలితో సమానంగా. తమ్ముడు "గట్లనే అక్కా" అన్నాడు కానీ, చాయ్ గ్లాసు వంకే చూస్తూ అన్నాడు. మరదలు లోపలినుంచి వింటూనే ఉంది. ఉగాదికి పిలుపు వస్తుందో రాదో చూడాలి.